బ్యాటరీని తాగేస్తున్నదెవరు?

బుధవారం రాత్రి రెండున్నరకి మా అత్తయ్యగారికి ఆయాసం వచ్చింది. ఆవిడకి ఉబ్బసం కొత్తేం కాదు గానీ ఆ రాత్రి ఇన్‌హేలర్ పీల్చినా తగ్గలేదు. నేను ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను. మావారు కారు తీయడానికి కిందికి పరుగెత్తారు. ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించాను. టిక్... టిక్... టిక్... గోడమీద బల్లి అరిచినట్టు! అంతే. సెల్ఫ్ తిరగలేదు.

వీధి చివర ఆటో నడిపే అబ్బాయిని లేపి, ఆవిడని ఆసుపత్రికి చేర్చేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. దేవుడి దయవల్ల తెల్లారేసరికి తేరుకున్నారు. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తే.

కారు మొరాయించడం అది మూడోసారి. మొదటిసారి, "ఎవరో లోపల లైటు ఆర్పడం మర్చిపోయారు" అన్నారు మావారు. మనిళ్లల్లో 'ఎవరో' అంటే ఎవరో మీకు వేరే చెప్పాలా? కూరల సంచీ కారులోంచి తీసింది నేనే మరి! రెండోసారి మెకానిక్ అబ్బాయి వచ్చి, "బ్యాటరీ అయిపోయిందమ్మా, నాలుగేళ్లయింది కదా" అన్నాడు. నాలుగువేల పైచిలుకు పోసి కొత్తది వేయించాం. ఆ తర్వాత పిల్లాడి సెలవులు, పెళ్లిళ్లు, కారు రోజూ తిరిగింది. ఏ గొడవా లేదు. మళ్లీ మామూలు రోజులొచ్చి, ఆదివారం తీసి పెట్టిన కారు బుధవారం దాకా కదలకుండా ఉందో లేదో, కొత్త బ్యాటరీ కూడా చచ్చి కూర్చుంది.

మెకానిక్ ఈసారి, "దీంట్లో కూడా లోపముండొచ్చు, మార్పించేద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బిందెలో నీళ్లు నిలవకపోతే బిందె మార్చేయడమేనా? బిందెకి చిల్లుందా, పంపు సరిగా పోయడం లేదా, లేక మనకి తెలియకుండా ఎవరైనా ముంచుకుపోతున్నారా, చూడక్కర్లేదా?

మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకని కొన్న మల్టీమీటరు ఇంట్లో ఉంది. నాలుగైదు వందల్లో దొరికేదే. నేను బియస్సీ చదివినదాన్ని. వోల్ట్‌మీటరు పక్కన ఆనించి చూడాలి, అమ్మీటరు దారి మధ్యలో కలపాలి అని ల్యాబులో మా మేడమ్ మొట్టికాయ వేసి మరీ చెప్పిన పాఠం పదిహేడేళ్లకి పనికొచ్చింది, చూడండి!

ముందు బ్యాటరీని బయట నిండా చార్జి చేయించి, కొన్ని గంటలు ఊరికే ఉంచి కొలిచాను. 12.6 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ లెక్క అదే. అది 12.2కి వస్తే సగానికి సగం ఖాళీ అయినట్టు. 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు అడుగంటినట్టే. 12కీ 12.6కీ తేడా ఎంత అని తీసిపారేయకండి, కథంతా ఆ ముక్కలోనే ఉంది.

తర్వాత మావారిని ఇంజను స్టార్ట్ చేయమని, మళ్లీ కొలిచాను. 14.2. ఇంజను నడిచేటప్పుడు 14 అటూ ఇటూ చూపిస్తే ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతున్నట్టే. అంటే పంపు బాగానే పోస్తోంది.

ఇక చిల్లు సంగతి. దీనికి మీటరు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు, నల్లది, ఊడదీసి కారుని రెండు రాత్రులు వదిలేశాను. మూడోనాడు పొద్దున 12.58! ఎక్కడికీ పోలేదు. మళ్లీ వైరు తగిలించి ఇంకో రెండు రాత్రులు చూశాను. 12.23. పాపం, ఆ బ్యాటరీలో ఏ లోపమూ లేదు. వైరు తగిలించి ఉన్నంతసేపూ కారే దాన్ని గుటకలేస్తోంది. అదే వైరు తీసి ఉంచినప్పుడు కూడా పడిపోయి ఉంటే, అప్పుడు బ్యాటరీ మార్చమనడంలో అర్థముండేది.

ఆ దొంగని పట్టుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. మా అబ్బాయి పక్కన నిలబడ్డాడు. మావారు కుర్చీ వేసుకుని, "షాక్ కొడుతుందేమో జాగ్రత్త" అంటూ పేపరు చదువుతున్నారు. 12 వోల్టులకి షాక్ కొట్టదు గానీ వేరే ప్రమాదముంది. చేతి గాజో, ఉంగరమో, మెడలో గొలుసో పాజిటివ్‌కీ కారు ఇనుముకీ మధ్య తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. అందుకని గాజులు తీసి పక్కన పెట్టాను, గొలుసు జాకెట్టులో దోపుకున్నాను, చీర మార్చి పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అత్తయ్యగారు కిటికీలోంచి చూసి, "వట్టి చేతులేమిటే!" అన్నారు గానీ ఆపలేదు.

తాళంచెవి తీసేశాం. తలుపు తెరిచి ఉంటే లోపలి లైటు వెలుగుతుంది కదా, అందుకని తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి, తలుపు వేసి ఉన్నట్టు కారుని నమ్మించాం. నల్లవైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాం, ఎర్రపుల్లని 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చి. ఈ స్థితిలో పొరపాటున కూడా తాళంచెవి తిప్పకూడదు. సెల్ఫ్ లాగే కరెంటుకి మీటరులోని ఫ్యూజు ఎగిరిపోతుంది. వెంటనే చూసిన అంకె నమ్మకూడదు కూడా. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి కొంచెం టైము పడుతుంది. అరగంట ఆగాం. ఈలోగా టీ తాగాం.

వచ్చి చూస్తే 0.31 ఆంపియర్లు.

గడియారానికీ, తాళాలకీ, జ్ఞాపకాలకీ కారు రోజూ కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. 0.05 లోపు ఉంటే మామూలే. మాది దానికి ఆరింతలు! మా అబ్బాయి అక్కడే పేపరు అంచున లెక్క కట్టాడు. గంటకి 0.31 అంటే రోజుకి ఏడున్నర. మా బ్యాటరీ మొత్తం 35. ఆదివారం రాత్రి నుంచి బుధవారం రాత్రికి మూడింట రెండొంతులు ఖాళీ. మిగిలిన దానితో లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు. టిక్ టిక్‌మంటుందంతే.

ఇక ఫ్యూజులు. స్టీరింగ్ కింద ఒక పెట్టె, బానెట్‌లో ఇంకొకటి. మూతమీద ఏది దేనికో బొమ్మలుంటాయి. వాడు ఒక్కొక్కటే లాగుతాడు, నేను మీటరు చూస్తాను, మళ్లీ దాని స్థానంలో అది పెట్టేస్తాడు. హారన్ తీస్తే 0.31. వైపరు తీస్తే 0.31. డిక్కీ లైటు తీసినా 0.31. (నా అనుమానమంతా దానిమీదే. అయిదు వాట్ల బల్బు, డిక్కీ మూసినా ఆరకపోతే నాలుగురోజుల్లో మాలాంటి బ్యాటరీని ఊడ్చేస్తుంది. ఫోనులో వీడియో పెట్టి డిక్కీలో వదిలి మూస్తే ఆరిందో లేదో తెలిసిపోతుంది.) పదకొండోది లాగాడు.

0.02!

"అమ్మా, పాటలది!" అని అరిచాడు. మావారు పేపరు కింద పడేశారు.

దసరాకి ముచ్చటపడి పెద్ద తెర ఉన్న మ్యూజిక్ సిస్టమ్ పెట్టించారాయన, బజార్లో ఒక దుకాణంలో. కారు మొదటిసారి ఆగింది ఆ తర్వాతే! ఏ జబ్బుకైనా డాక్టరు మొదట అడిగేది "ఎప్పట్నుంచి?" అని కదా, ఆ ప్రశ్న మేమెవ్వరం ఒక్కసారైనా వేసుకోలేదు. అలాంటి సెట్టుకి వెనకాల రెండు వైర్లుంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేది, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి. ఎర్రది తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు వచ్చేది, సెట్టుని లేపడానికీ నిద్రపుచ్చడానికీ. ఆ దుకాణం కుర్రాడు రెండిటినీ కలిపి పసుపుదాని చోటే కట్టేశాడు. తాళం తీసినా పాటలు ఆగకపోతే మావారు తెరమీద నొక్కి ఆపేవారు. తెర నల్లబడింది కాబట్టి ఆగిందనుకున్నాం. అది లోపల రాత్రంతా మేలుకునే ఉండేది.

దుకాణానికి వెళ్తే, పది నిమిషాల్లో ఎర్రవైరుని దాని చోట కలిపి ఇచ్చారు. "ఇంత చిన్నదానికేనా మేడమ్" అన్నాడు యజమాని. చిన్నదే. మా అత్తయ్యగారి ఊపిరి సంగతి అతనికేం తెలుసు?

ఒక్కటి మాత్రం చెప్పాలి. అందరి కార్లలో దొంగ పాటల పెట్టే అయి ఉండదు. బయట బిగించిన అలారమో, కెమెరానో, అంటుకుపోయిన రిలేనో కావచ్చు. ఏ ఫ్యూజు తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటరు వైపు చూడమనాలి. అది మనింట్లో అయ్యే పని కాదు, ఎలక్ట్రీషియన్‌కి అప్పగించాల్సిందే. ఎవరు చేసినా నల్లవైరు ముందు ఊడదీయడం, చివర్లో తగిలించడం మర్చిపోకూడదు.

ఆ పాత బ్యాటరీ గుర్తొస్తే ఇప్పటికీ బాధే. దానికి నిజంగా ఆయువు తీరిందో లేదో మేం కొలవనేలేదు. కొత్తదాని బిల్లులో ఏవో కొన్ని వందలు తగ్గించి పట్టుకెళ్లిపోయాడు మెకానిక్.

పోయినవారం కావాలనే ఆదివారం నుంచి శుక్రవారం దాకా కారుని ముట్టుకోలేదు. శుక్రవారం పొద్దున మావారు తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వే తిప్పు" అన్నారు. తిప్పాను.

"వచ్చిందా?" అన్నారు అత్తయ్యగారు కిటికీలోంచి.

"వచ్చింది అత్తయ్యా, మొదటిసారికే!"