గ్రీన్ పడగానే ఎవరు ముందు?

హైదర్‌గూడ నుంచి నారాయణగూడ వైపు వెళ్తుంటే సిగ్నల్ దగ్గర రోజూ కనిపించే దృశ్యం ఇది. ముందు వరసలో ఒక బుల్లెట్ గుడగుడమంటూ ఉంటుంది. పక్కనే చప్పుడు చేయని ఎలక్ట్రిక్ స్కూటర్. గ్రీన్ పడుతుంది. బుల్లెట్ మీది మనిషి క్లచ్ వదిలి బండి ఊపందుకునేలోపే స్కూటర్ పదడుగులు ముందుకెళ్లిపోతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటూ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లే కుర్రాడు ఒకరోజు ఫోన్‌లో వీడియో చూపించాడు. అమెరికాలో డ్రాగ్ రేస్. పాత డాట్సన్ కారు ఒకటి, పెద్ద ఇంజనున్న కార్లను వెనక్కి నెట్టి పోతోంది. "అంకుల్, ఇంత చిన్న బండికి అంత పికప్ ఎక్కడిది? అదీ బ్యాటరీతో!" అన్నాడు. ఇద్దరం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా నడుస్తూ మాట్లాడుకున్నాం. ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నను తెచ్చింది. ఆ ప్రశ్నలూ జవాబులే ఇవి.

డ్రాగ్ రేస్ అంటే ఏమిటి? మజిల్ కారు అంటే?

మలుపులు లేని దారి మీద రెండు కార్లు నిలబడిన చోటు నుంచి బయల్దేరి, ఎవరు ముందు గీత దాటితే వారు గెలిచినట్టు. దూరం సాధారణంగా పావు మైలు, అంటే 402 మీటర్లు. మజిల్ కారు అమెరికా వాళ్ల మాట. మామూలు సైజు కారులో ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజను బిగించి, వెనక చక్రాలను తిప్పేలా చేసిన బండి. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీఓతో ఆ పేరు స్థిరపడింది. డాడ్జ్ ఛాలెంజర్ కూడా ఆ కుటుంబంలోదే.

గ్రీన్ పడగానే పెట్రోలు బండి ఎందుకు తడబడుతుంది?

పెట్రోలు ఇంజను ఆగిపోయిన స్థితి నుంచి బలం ఇవ్వలేదు. గాలి పీల్చాలి, పెట్రోలుతో కలపాలి, నొక్కాలి, మండించాలి. ఇదంతా జరగాలంటే ఇంజను అప్పటికే తిరుగుతూ ఉండాలి. బండి కదలకపోయినా లోపల ఇంజను నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతూనే ఉండేది అందుకే. ఆ స్థితిలో దానికున్న బలం చాలా తక్కువ. పెద్ద మజిల్ కారు ఇంజను గట్టిగా తోయాలంటే నిమిషానికి నాలుగు వేల చుట్ల దాకా ఎక్కాలి.

తిరిగే ఇంజనుకూ, తిరగని చక్రానికీ పొత్తు కుదర్చాలి. ఆ పని క్లచ్‌ది, లేదా ఆటోమేటిక్ బండిలో ఆయిల్‌తో పనిచేసే కన్వర్టర్‌ది. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి ఒక కుదుపు కుదిపి ఆఫ్ అయిపోవడం అందరికీ అనుభవమే. హాఫ్ క్లచ్ అలవాటయ్యేదాకా ఆ తిప్పలు తప్పవు. డ్రాగ్ రేసర్ పడే తిప్పలూ అవే, కాకపోతే చాలా పెద్ద స్థాయిలో. బ్రేకు తొక్కిపట్టి, ఇంజనును రేజ్ చేసి, బలాన్ని కూడగట్టి, లైటు పడగానే వదలాలి. కొంచెం తక్కువైతే బండి నీరసంగా కదులుతుంది. కొంచెం ఎక్కువైతే వెనక టైర్లు అక్కడే తిరిగి పొగ లేస్తుంది. తర్వాత గేర్లు మార్చాలి. అన్నిచోట్లా కొంత కాలం పోతుంది.

మోటారుకు నిలబడ్డచోటే బలం ఎలా వస్తుంది?

దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. కొబ్బరి పచ్చడికి మిక్సీ వేస్తాం. జారు నిండా ముక్కలున్నా స్విచ్ తిప్పిన క్షణమే బ్లేడు విసురుగా తిరుగుతుంది. మూత మీద చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకుంటాం. ఆ మొదటి విసురే మోటారు స్వభావం.

మోటారులో తోసేది అయస్కాంత బలం. తీగచుట్టలోకి కరెంటు వెళ్లగానే అది పుడుతుంది. అందుకు మోటారు ముందే తిరుగుతూ ఉండనక్కర్లేదు. పైగా, తిరుగుతున్న మోటారు తాను కూడా జనరేటరులా కొంత వోల్టేజీ పుట్టిస్తుంది, అది బయటి నుంచి వచ్చే కరెంటుకు అడ్డుపడుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ అడ్డు లేదు. అందుకే పూర్తి బలం మొదటి క్షణంలోనే దొరుకుతుంది. వేగం బాగా పెరిగాక ఆ అడ్డు పెరిగి, తోపు తగ్గుతూ వస్తుంది.

ఇదే సూత్రం మన నెత్తి మీద రోజూ నడుస్తోంది. 2020 ఫిబ్రవరి 7న మొదలైన మెట్రో గ్రీన్ లైన్ జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు వెళ్తూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లలో ఆగుతుంది. చిక్కడపల్లిలో తలుపులు మూసుకోగానే నిలబడ్డ జనం ఒక్కసారి వెనక్కి తూలతారు. అంత బరువున్న రైలు గేర్లు మార్చకుండా, క్లచ్ లేకుండా, చప్పుడు పెంచకుండా లాగేస్తుంది. బ్రేకు వేసినప్పుడు అవే మోటార్లు జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి ఇస్తాయి.

కాబట్టి ఎంత బలం ఉందన్నది సగం సంగతే. ఆ బలం ఎప్పుడు చేతికందుతుందన్నది మిగతా సగం. పావు మైలు పందెంలో ఈ రెండో సగమే తరచూ తీర్పు చెబుతుంది.

ఆ పాత డాట్సన్ కథ ఏమిటి?

అది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ వేలాండ్ కారు. 1972 మోడల్ డాట్సన్ 1200. దాని పేరు వైట్ జాంబీ. ఇంజను తీసేసి, గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్‌లలో వాడే తరహా డీసీ మోటార్లను జంటగా బిగించాడు. మిక్సీ మోటారూ, ఈ మోటారూ ఒకే జాతివి. రెండింటిలోనూ తీగచుట్టలు ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి మొదటి లాగుడు విపరీతంగా ఉంటుంది.

మొదట్లో అందులో ఉన్నవి సీసం బ్యాటరీలు. బరువెక్కువ, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ పడిపోతుంది. లిథియం బ్యాటరీలు వచ్చాక ఆ చిన్న కారు 2010లో పావు మైలును 10.25 సెకన్లలో దాటింది. షోరూములో కొన్న బ్యాటరీ కార్లు మజిల్ కార్లను ఓడించడం మామూలు కావడానికి చాలా ముందే, ఇంటి షెడ్డులో మనుషులు సొంత చేతులతో దీన్ని నిరూపించారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది అదే.

బలం ఉంటే చాలా? టైరు జారదా?

జారుతుంది. రెండు సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే, కారును దాని బరువుకు దాదాపు 1.4 రెట్ల బలంతో ముందుకు తోయాలి. ఆ తోపంతా అరచేయంత వెడల్పున రోడ్డును తాకే టైర్ల మీదే పడుతుంది. పట్టు తప్పితే ఎంత బలమున్నా దండగే.

ఇక్కడ మోటారుకు రెండో వరం ఉంది. టైరు జారబోతోందని తెలిసిన వెంటనే కంట్రోలర్ కరెంటును కొన్ని మిల్లీసెకన్లలో తగ్గించి, పట్టు దొరకగానే మళ్లీ పెంచగలదు. ఇంజనులో గాలి, పెట్రోలు, నిప్పు అన్నీ సర్దుకోవాలి కాబట్టి అంత సూక్ష్మంగా కుదరదు. ముందూ వెనకా మోటార్లుంటే నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి. బ్యాటరీ బరువు కూడా ఈ మొదటి క్షణంలో చక్రాలను రోడ్డుకు అదిమి మేలే చేస్తుంది.

ఆ కొన్ని సెకన్లకు ఎంత కరెంటు కావాలి?

ఈ ప్రశ్న దగ్గర కుర్రాడు ఆగిపోయాడు. లెక్క నడిరోడ్డు మీదే వేశాం. టెస్లా మోడల్ ఎస్ ప్లాడ్ అనే ఎలక్ట్రిక్ కారు శక్తి 1,020 హార్స్‌పవర్, అంటే సుమారు 760 కిలోవాట్లు. అది పావు మైలును 9.2 సెకన్ల చుట్టూ దాటుతుంది. 760ని 9.2తో గుణిస్తే సుమారు 7,000 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. కాబట్టి మొత్తం దాదాపు రెండు యూనిట్లు. ఇంట్లో రెండు కిలోవాట్ల గీజరు గంటసేపు వేస్తే కాలేది అంతే.

రెండు యూనిట్లు పెద్ద విషయం కాదు. గంటలో ఖర్చయ్యేది తొమ్మిది సెకన్లలో ఇవ్వగలగడం పెద్ద విషయం. ఇక్కడ కూడా మళ్లీ "ఎప్పుడు" అన్న ప్రశ్నే. బ్యాటరీ విద్యలో కష్టమంతా ఎక్కువ నిలవ చేయడంలోనే లేదు, ఆ నిలవను వేడెక్కి పాడవకుండా ఒక్క ఉదుటున వదలడంలోనూ ఉంది. అందుకే పందెం ముందు బ్యాటరీని సరైన ఉష్ణోగ్రతకు తెచ్చే ఏర్పాటు ఆ కార్లలో ఉంటుంది.

అయితే పెట్రోలు కారు ఓడిపోయినట్టేనా?

అలా చెప్పడం న్యాయం కాదు. 2023లో డాడ్జ్ కంపెనీ ఛాలెంజర్ డీమన్ 170 అనే మజిల్ కారును విడుదల చేసింది. ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనంతో 1,025 హార్స్‌పవర్. పావు మైలుకు 8.91 సెకన్లు. ప్లాడ్‌తో శక్తి దాదాపు సమానం, కాలం ఇంకా తక్కువ. అయితే అది జిగురు రాసి సిద్ధం చేసిన పందెపు బాట మీద, ప్రత్యేకమైన టైర్లతో సాధించిన లెక్క. ఎలక్ట్రిక్ కారు అంతటి పరుగును కుటుంబమంతా కూర్చునే నాలుగు తలుపుల బండిలో, పెద్దగా నేర్పు అక్కర్లేకుండా అందిస్తుంది.

దూరం పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది, కిలో బ్యాటరీ ప్యాకులో ఒక యూనిట్‌లో అయిదో వంతు కూడా కష్టమే. అంటే అరవై రెట్ల తేడా. మోటారు తనకు అందిన శక్తిలో 90 శాతం పైగా పనిగా మారుస్తుంది, ఇంజను మూడో వంతు మార్చడమే గొప్ప. అయినా ఆ తేడా పూర్తిగా పూడదు. పావు మైలులో ఆ కొరత బయటపడదు. వరసగా ఇరవై ల్యాపులు పూర్తి వేగంతో కొట్టమంటే బయటపడుతుంది.

మన ఊళ్లో ఇలాంటి పందెం జరిగిందా?

డ్రాగ్ రేస్ కాదు గానీ, ఎలక్ట్రిక్ కార్ల ప్రపంచ స్థాయి పందెం మన గడప ముందే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్, లుంబిని పార్క్, సచివాలయం చుట్టూ వేసిన 2.83 కిలోమీటర్ల బాట మీద ఫార్ములా ఈ నడిచింది. భారతదేశంలో అదే మొదటిది. డీఎస్ పెన్‌స్కీ జట్టు డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ చివరిదాకా అతణ్ని తరిమి రెండో స్థానంలో నిలిచాడు. మహీంద్రా జట్టు సొంత దేశంలో పరుగెత్తింది ఆ రోజే.

ఆ కార్ల శక్తి 350 కిలోవాట్లు. డ్రైవరుతో కలిపి బరువు సుమారు 850 కిలోలు. బ్రేకు వేసినప్పుడు 600 కిలోవాట్ల దాకా వెనక్కి రాబట్టగలవు. తోసే శక్తికన్నా తిరిగి తీసుకునే శక్తే ఎక్కువ. అందుకే ఆ పందెంలో గెలుపు పికప్‌తో తేలలేదు. ఎక్కడ కాలు తీయాలి, ఎంత మిగుల్చుకోవాలి అన్న పొదుపుతో తేలింది. 2024లో రెండోసారి జరగాల్సిన పందెం రద్దయింది. అయినా ఆ శనివారం సాగర్ గట్టున కార్ల సన్నని కీచు విన్నవాళ్లకు ఒక సంగతి తెలిసింది: వేగానికి గర్జన తప్పనిసరి కాదు.

మరి నేను మా ఫ్రెండుతో ఒకసారి పోటీ పడితే?

కుర్రాడు ఈ ప్రశ్న నవ్వుతూ అడిగాడు. నేను మాత్రం ఆగి జవాబు చెప్పాను. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం నేరం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం కన్నా ముందు ఇంకో లెక్క ఉంది.

మూడు సెకన్లలో వంద వేగం అందుకునే కారు, నిలబడిన చోటు నుంచి మొదటి రెండు సెకన్లలోనే 18 మీటర్లు దాటుతుంది. అప్పటికే దాని వేగం గంటకు 65 కిలోమీటర్ల పైన. అదే రెండు సెకన్లలో రోడ్డు దాటే పెద్దావిడ వేసేది మూడు నాలుగు అడుగులు. పాత బండి రేజ్ చేస్తే చప్పుడు ముందుగా వచ్చేది, ఆవిడ తలెత్తి చూసి ఆగేది. ఈ బ్యాటరీ బండి బలం చప్పుడు లేకుండా, చెప్పకుండా వస్తుంది. మోటారును పందెంలో గెలిపించే ఆ మొదటి క్షణం జీబ్రా గీతల మీద నడిచే మనిషి దగ్గర లేదు.

లైబ్రరీ మెట్ల దాకా వచ్చాం. రోడ్డవతల గ్రీన్ పడింది. ముందు వరసలో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది. పుస్తకాల సంచులతో ఇద్దరు అమ్మాయిలు ఇంకా సగం దారిలోనే ఉన్నారు. స్కూటర్ మీది మనిషి కదలలేదు. వాళ్లు ఫుట్‌పాత్ ఎక్కేదాకా ఆగి, అప్పుడు బయల్దేరాడు. బుల్లెట్లూ ఆటోలూ హారన్లు కొడుతున్నాయి. మా కుర్రాడు ఆ స్కూటర్ కనుమరుగయ్యేదాకా చూసి, "ఎప్పుడు తియ్యాలో తెలిసినోడు అంకుల్" అన్నాడు.