'విరాటపర్వం' వెన్నెల వెనక ఖమ్మం సరళ.. ప్రేమ కథలో నమ్మకం ఎక్కడ తెగింది?

ఓటీటీలో డార్క్ రొమాన్స్ కథలకు ఇప్పుడు మామూలు క్రేజ్ లేదు. ప్రేమ పేరుతో వెంటాడే మగాడు, అతన్ని నమ్మి చిక్కుల్లో పడే అమ్మాయి.. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 'యూ'తో సహా చాలా వాటిది ఇదే లెక్క. ఆ లెక్కను తిరగేసిన తెలుగు సినిమా 'విరాటపర్వం'. 2022 జూన్ 17న థియేటర్లలో విడుదలై, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. దీనికి స్ఫూర్తి ఖమ్మం అమ్మాయి సరళ జీవితం.

అసలేం జరిగింది?

నక్సల్ ఉద్యమంలో చేరాలని సరళ ఇల్లు విడిచి అడవి బాట పట్టింది. పోలీస్ ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో 1992లో నక్సలైట్లే ఆమెను చంపేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పీపుల్స్‌వార్‌ను నిషేధించింది కూడా ఆ ఏడాదే. భద్రాచలం అప్పట్లో ఖమ్మం జిల్లాలోదే. అడవి అంచు ఊళ్లది రెండు వైపులా భయం. రాత్రి దళానికి అన్నం పెడితే పొద్దున పోలీసులతో తంటా. పోలీసులతో మాట్లాడితే దళంతో తంటా. అలాంటి రోజుల్లో కొత్త మనిషి ఎవరొచ్చినా అనుమానమే.

తెర మీద ఏం మారింది?

దర్శకుడు వేణు ఊడుగుల దీన్ని ప్రేమకథ చేశారు. వెన్నెల (సాయిపల్లవి) 'అరణ్య' పేరుతో వచ్చిన కవిత్వం చదివి, అది రాసిన దళ నాయకుడు రవన్న (రానా)ను చూడకుండానే ప్రేమిస్తుంది. ఇంట్లో కుదిర్చిన పెళ్లి కాదని అతన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. వద్దన్నా వినదు. నిజం చెప్పాలంటే, ఇదే పని హీరో చేస్తే వెంటపడి వేధించడం అంటాం. ఇక్కడ అలా అనిపించదు. ఎందుకంటే తుపాకీ ఉన్నది అవతలి వైపు.

ఉత్కంఠ అంతా ఎక్కడుంది?

'యూ'లో జో ప్రమాదకరమైన మనిషని మనకు తెలుసు, అతన్ని నమ్మిన అమ్మాయికి తెలీదు. 'విరాటపర్వం'లో వెన్నెల ఏ పాపం ఎరగదని మనకు తెలుసు, దళానికి తెలీదు. ఫోన్‌లో చూస్తున్నా 'ఆ పిల్ల అలాంటిది కాదు' అని అరవాలనిపిస్తుంది. ఆమె ప్రేమ ఎంత ముదిరితే అనుమానం అంత బలపడుతుంది. ఎప్పుడూ చూడని మనిషి కోసం ఇంత దూరం ఎవరైనా వస్తారా అంటే, ఆమె దగ్గర రుజువేం ఉంది?

ఒక్క మాట.. వెన్నెల చేసినవన్నీ సరళ చేసినవి కావు. కథలో కల్పన చాలా ఉంది. ఇన్ఫార్మర్ అన్న ముద్ర, ఆ చావు మాత్రం సరళవే.