ఎముక లేని కణం ఎట్లా నడుస్తుంది?

సైన్సు నోటుబుక్కులో కణం బొమ్మ గీసేటప్పుడు మనం ఒక గుండ్రం గీసి, నడుమ కేంద్రకం పెట్టి, మిగిలిందంతా కణద్రవ్యం అని రాసి వదిలేస్తాం. ఆ బొమ్మ చూస్తే కణమంటే నీళ్ళు నింపిన సంచి అనిపిస్తుంది. నీళ్ళ సంచి నడవదు గదా! కానీ మన ఒంట్లో కొన్ని కణాలు నడుస్తాయి. ఆ సంగతే రాస్తున్నాను.

కాలికి తుమ్మముల్లు దిగిందనుకోండి. చెప్పులు లేకుండా గ్రౌండులో ఉరికేటోళ్ళకు ఇది కొత్త కాదు. ముల్లుతో పాటు సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. కొన్ని గంటల్లోనే తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడ సందుల్లోంచి ఒళ్ళు సన్నగా చేసుకొని బయటికి దూరి, ముల్లు దిగిన చోటికి పాకుతూ వస్తాయి. వేగం నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు పోవడానికి గంటన్నర దాటుతుంది. తర్వాత చీము పడుతుంది చూశారా, అందులో ఎక్కువ భాగం అట్లా వచ్చి కొట్లాడి చచ్చిన తెల్లకణాలే. 1950లలో అమెరికాలో డేవిడ్ రోజర్స్ అనే ఆయన ఒక తెల్లకణం సూక్ష్మజీవిని తరుముతుంటే సూక్ష్మదర్శిని కింద సినిమా తీశాడు. ఎర్రకణాలను నెట్టుకుంటూ, సూక్ష్మజీవి ఎటు మళ్ళితే తానూ అటే మళ్ళి చివరికి మింగేస్తుంది. సార్ల ఫోన్లో దొరికితే అడిగి చూడండి, కబడ్డీ కంటే బాగుంటుంది.

మరి కాళ్ళు లేవు, ఎముకలు లేవు, ఎట్లా? కణం లోపల సన్నని ప్రోటీన్ పోగుల అల్లిక ఉంటుంది. దీన్ని కణ అస్థిపంజరం అంటారు. పేరుకే అస్థిపంజరం, మన ఎముకల లెక్క ఒకసారి కట్టి వదిలేసింది కాదు, ఎప్పటికప్పుడు కడుతూ విప్పుతూ ఉంటుంది. అందులో ఆక్టిన్ పోగుల మందం 7 నానోమీటర్లు. బోలుగా గొట్టాల్లాగ ఉండే సూక్ష్మనాళికల మందం 25 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మూడో రకం పోగులు కూడా ఉన్నాయి గాని, వాటి పని కణానికి గట్టిదనం ఇవ్వడం, ఇక్కడ మనకు అక్కర లేదు.

కోతలైనంక చేన్లల్ల గొర్రెల మంద పెడతారు కదా. చుట్టూ పాతిన గుంజలను వెనక వైపు నుంచి పీకి ముందర పాతుకుంటూ పోతే, దడి మొత్తం ముందుకు జరిగినట్టే. కణం చేసేది ఇంచుమించు ఇదే. ముందు అంచులో ఆక్టిన్ ముక్కలు ఒకదాని కొసకు ఒకటి చేరి, కొమ్మలు కొమ్మలుగా పెరిగి, కణం పొరను ముందుకు నెడతాయి. అట్లా చాపిన భాగం కింద ఉన్నదాన్ని పట్టుకుంటుంది. వెనక వైపు మయోసిన్ అనే ప్రోటీన్ ఆక్టిన్ పోగులను పట్టి గుంజుతుంది, తోక భాగం ఊడి ముందుకొస్తుంది. మన కండరాలు బిగిసేది కూడా ఈ ఆక్టిన్, మయోసిన్ జోడీతోనే. ఎటు పోవాలో ఎట్లా తెలుస్తుందంటే, సూక్ష్మజీవులు వదిలే రసాయనాలు ఏ వైపు ఎక్కువుంటే ఆ వైపే ఆక్టిన్ పెరుగుతుంది. కోడికూర రోజు మనం వంటశాల దిక్కు మళ్ళినట్టు.

ఈ పనికి శక్తి కావాలి. ఆక్టిన్ ముక్క ఒక్కొక్కటి ఏటీపీ అనే అణువును వెంటబెట్టుకొని పోగులో చేరుతుంది. చేరినంక ఆ ఏటీపీ విరుగుతుంది, పట్టు సడలుతుంది, అందుకే పాత ముక్కలు వెనక కొస నుంచి ఊడిపోతాయి. మయోసిన్ గుంజేది కూడా ఏటీపీ బలంతోనే. ఈ ఏటీపీని 1929లో కండరంలో కనిపెట్టిన వాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి చేశాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టాడు. ఆక్టిన్ బయటపడింది ఆ తర్వాత, 1942లో, హంగేరీలో. సుబ్బారావు పేరు మన క్లాసులో చాలామందికి తెలియదు, అది నాకు బాధగా ఉంటుంది.

ఇక సూక్ష్మనాళికల సంగతి. ఇది చిన్న తరగతుల తమ్ముళ్ళు తప్పకుండా చదవాలి. మాది మన్ననూరు దిక్కు పెంట. వానాకాలం మా నల్లమలలో అగ్నిశిఖ పూస్తుంది, అడవినాభి అని కూడా అంటారు. ఎరుపు, పసుపు రేకులు మంటలాగ పైకి లేచి ఉంటాయి, ఆకు కొసలు నులితీగల్లాగ చుట్టుకుంటాయి. దాని గడ్డ తినే గడ్డలాగే కనబడుతుంది. "దాన్ని ముట్టకురా, పానం తీస్తది" అంటాడు మా తాత. ఎందుకు తీస్తుందో సైన్సు చెప్తుంది. ఆ గడ్డలో కొల్చిసిన్ అనే విషం ఉంది. అది సూక్ష్మనాళికల ముక్కలకు అంటుకొని, అవి గొట్టంగా చేరకుండా చేస్తుంది. కణం రెండుగా విడిపోయేది ఆ గొట్టాల సాయంతోనే. గొట్టాల్లేకుంటే కొత్త కణాలు పుట్టవు. పేగు లోపలి పొర, ఎముకల్లోని మూలుగ ముందు దెబ్బతింటాయి. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, తర్వాత రక్తకణాలు పడిపోతాయి. ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతులయ్యేదాకా ఆగవద్దు. రాత్రయినా సరే వార్డెన్ సారును లేపి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, మిగిలిన గడ్డ ముక్క కూడా డాక్టరుకు చూపించాలి.

చిత్రమేమంటే ఇదే కొల్చిసిన్ మందు కూడా. గౌట్ అనే కీళ్ళనొప్పిలో యూరిక్ ఆమ్లం స్ఫటికాలై కాలి బొటనవేలి కీలులో చేరుతుంది, తెల్లకణాలు గుంపులుగా అక్కడికి వచ్చిపడి వాపు, మంట లేపుతాయి. కొల్చిసిన్ ఆ కణాల దూకుడును తగ్గిస్తుంది. డాక్టర్లు ఇచ్చే మాత్రలో అది అర మిల్లీగ్రాము, ఆవగింజంత బరువు కూడా ఉండదు. అగ్నిశిఖ గడ్డ ఒక్కదానిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.