పరంజాపైన ప్రాణరక్షణ

నేడు ఏ గ్రామమునకు పోయినను ఏదో యొక కట్టడము లేచుచునే కనబడును. ఒకచోట పాఠశాలకు పై అంతస్తు, మరియొకచోట మంచినీటి ట్యాంకు, వేరొకచోట మురుగుకాలువ. అట్టి పనిచోట పది నిమిషములు నిలిచి చూడుడు. సరుగుడు వాసములతో కట్టిన పరంజాపై ఒకే చెక్క వేసి దానిపై ఇరువురు నిలిచియుందురు. క్రింద ఇటుకలు మోయు స్త్రీ తలపై చుట్టకుదురు తప్ప మరేమియు నుండదు. హెల్మెట్లు లేవా యందురా? ఉన్నవి, సిమెంటు బస్తాల గదిలో భద్రముగా నున్నవి!

దీనికి కూలివారి అజ్ఞానమే కారణమనుట సులభము. కాని నిజము కాదు. పరంజా ఊగుచున్నదని దానిపై నిలిచినవానికే అందరికంటె ముందు తెలియును. ఐనను అతడు నోరు విప్పడు. విప్పినచో తోటివారు పిరికివాడని నవ్వుదురు. పని నిలిచినదని మేస్త్రీ కసరును. మరునాడు పనికి పిలువరేమో యను భయమొకటి. నిన్న ఏమియు కాలేదు గనుక నేడును కాదను ధీమా యొకటి. ఈ స్వభావము మారనిదే ఎన్ని హెల్మెట్లు కొనినను అవి గది దాటి రావు.

మనవారికి కట్టడపు పని క్రొత్త కాదు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట వేలాది కూలీల రెక్కల కష్టముతో లేచినది. పాలమూరు కూలీలు దేశమందలి పెక్కు ప్రాజెక్టులలో పనిచేసిరి. ఇట్టివారికి ధైర్యము నేర్పనక్కరలేదు. ఆ ధైర్యమునకు హద్దు ఎక్కడ అన్నదే ప్రశ్న. దీనికి అమెరికా దేశమందలి యొక వంతెన కథ చక్కని తార్కాణము.

శాన్‌ఫ్రాన్సిస్కోవద్ద గోల్డెన్ గేట్ వంతెన పని 1933లో మొదలై 1937లో ముగిసినది. పదిలక్షల డాలర్ల పనికి ఒక ప్రాణము పోవుట సహజమని ఆ దినములలో అక్కడివారు లెక్కవేసికొనెడివారు. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఈ పద్దును అంగీకరింపలేదు. హెల్మెట్ పెట్టనివానికి పని లేదనెను. వంతెన క్రింద పెద్ద వల కట్టించెను. అంతకంటె గొప్ప సంగతి వేరొకటి కలదు. అంత ఎత్తున త్రాళ్లపై విన్యాసములు చేసి మెప్పు పొందగోరు సాహసికులను పనినుండి తొలగించెను. వలలో పడి 19 మంది బ్రతికిరి. కాని 1937 ఫిబ్రవరి 17న ఒక పరంజా ఊడి వలపై పడగా, వల చినిగి 10 మంది మరణించిరి. పరంజా కట్టు చెడినచో వలయును కాపాడజాలదు.

మన గ్రామమునకు వత్తము. మేస్త్రీ తాను హెల్మెట్ లేక పరంజా యెక్కినచో గోడపై వ్రాసిన హెచ్చరికలన్నియు వృథా. ఉదయము పనికి ముందు అందరిని పిలిచి, నిన్న ఎవరి కాలు జారినది, ఏ ముడి వదులైనది అని ఆతడడుగవలెను. చెప్పినవానిని అందరియెదుట మెచ్చుకొనవలెను. ముడులు బిగించిన గంటకు కూలి కోయరాదు. గుత్తకు ఒప్పుకొనిన పనిలో తొందర మరింత హెచ్చు గనుక అచ్చట ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను.

నేలమీదనే యున్నాము గదాయని కందకము త్రవ్వువారు నిర్భయముగా నుందురు. ఘనమీటరు మన్ను సుమారు ఒకటిన్నర టన్ను తూగును. తల పైననే యున్నను ఛాతీపై ఆ బరువు పడినచో ఊపిరి ఆడదు. లోతైన కందకమునకు ప్రక్కలను పలకలతో నిలువరింపవలెను, లేదా వాలుగా చెక్కవలెను; త్రవ్వినమన్ను అంచున కుప్పవేయరాదు. ఒకడు చిక్కుకొనగానే తోటివారు ముందువెనుకలు చూడక దూకుదురు. అంతట రెండవ గట్టు వారిపై విరుగును. దూకబోవువారిని ఆపుట మేస్త్రీ మొదటి పని.

పంచాయతీ పనివద్ద సిమెంటు పాళ్లు చూడబోవు సర్పంచి, సభ్యులు పరంజా కట్లనుకూడ చూడవలెను. ఇల్లు కట్టించువారు బేరమాడునప్పుడే పరంజాకు, బెల్టులకు ఎంత యగునో విడిగా అడిగి, ఆ సొమ్ములో కోత పెట్టక ఇయ్యవలెను.