బ్రౌను దొర బంగళాచోటున పుస్తకమందిరము

విశ్వవిద్యాలయ గ్రంథాలయమనగానే మింటికెగసిన గోపురములు, విశాలమైన మెట్లవరుసలు మన తలంపునకు వచ్చును. కడప ఎర్రముక్కపల్లెలోని సి. పి. బ్రౌను భాషా పరిశోధన కేంద్రమునకు అట్టి వైభవముతో పనిలేదు. అది నిలిచిన చోటే దాని ఘనత.

1820లో కంపెనీ కొలువునకై కడపకు వచ్చిన బ్రౌను, కొంతకాలము ఇతర జిల్లాలలో పనిచేసి, 1826లో మరల ఇచ్చటికి చేరెను. ఇచ్చట బంగళా కొని, పండితులకును లేఖకులకును తన జేబునుండియే జీతములిచ్చి, తాళపత్రములను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829 నాటి వేమన పద్యముల ముద్రణమునకును, 1852 నాటి నిఘంటువునకును వెనుకనున్నది ఈ శ్రమయే. ఆయన కూర్చిన వ్రాతప్రతులు చెన్నపట్టణము చేరినవి. బంగళా మాత్రము మొండిగోడలై మిగిలెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇంటింటికి తిరిగి చందాలు ప్రోగుచేసి, 1987లో ఆ చోటనే పునాది వేయించిరి. 2006లో వెలసిన యోగి వేమన విశ్వవిద్యాలయమున ఈ కేంద్రము నేడొక భాగము. వేమన పేరిటి విద్యాలయము బ్రౌను ఇంటిని కాపాడుట ముచ్చటైన సంగతియే!

అయితే పేరు పుస్తకమును కాపాడదు, గోడ కాపాడవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఈ సీమలో తాటియాకు పెళుసెక్కి విరుగును. వానలు పడగానే చెమ్మ తగిలి బూజు పట్టును. ఎండ చెమ్మల ఈ హెచ్చుతగ్గులే దానికి గొప్ప శత్రువు. మన పెద్దలీ సంగతి యెరిగి మిద్దెలు కట్టిరి: మూరెడు మందముగల గోడ, దూలములపై దంతెలు, వానిపై చౌడుమట్టి కప్పు, వెలుతురునకొక గవాక్షము. నేటి సిమెంటు కప్పు పగలు త్రాగిన వేడిని రాత్రి గదిలో క్రక్కును. ఈ కేంద్రమున ఇకమీదట కట్టు ప్రతి గదికిని పడమట కిటికీలు తగ్గించి, చుట్టును వసారా దించి, కప్పునకు పైన మరియొక నీడకప్పు వేయవలెనని మా అభిప్రాయము. అరలకు కర్ర యేల? మన నాపబండ యున్నదిగదా! అది చెదపురుగునకు కొరుకుడుపడదు.

ఇది కేవలము ఇంజనీర్ల ముచ్చట కాదు. కడప, కర్నూలు సీమలలో తాతలనాటి తాటియాకు కట్టలు ఇంకను అటకలపై నుంచుకొన్న గృహస్థులు కలరు. వారు వానిని తెచ్చి యప్పగింపవలెనన్న, ముందుగా ఆ గదిలో అడుగిడి, మే నెల మిట్టమధ్యాహ్నమున గోడపై చేయి వేసి చూతురు.