హెడర్ ఫైలు ఎక్కడ దొరికింది?

కంప్యూటర్‌లోని మెమరీని, డిస్కును, నెట్‌వర్కును ప్రోగ్రాములన్నిటికీ పంచిపెట్టే మూల సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ అంటారు. అది నడుస్తుండగానే లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు పనిచేసిందో గమనించి చెప్పే చిన్న ప్రోగ్రాములే ట్రేసింగ్ ప్రోగ్రాములు. లినక్స్‌లో 2014లో, 3.18 వెర్షన్‌తో, ఇలాంటి ప్రోగ్రాములను కెర్నెల్‌లోకి ఎక్కించే బీపీఎఫ్ అనే సిస్టమ్ కాల్ వచ్చింది. మరుసటి ఏడాది 4.1 వెర్షన్ నుంచి ఆ ప్రోగ్రాములను కెర్నెల్ ఫంక్షన్లకు తగిలించే వీలు కలగడంతో వీటి వాడకం విస్తరించింది.

వీటిని సాధారణంగా సీ భాషలో రాసి, క్లాంగ్ కంపైలర్‌తో బీపీఎఫ్ అనే ఊహాత్మక ప్రాసెసర్‌కు అనువైన కోడ్‌గా మారుస్తారు. ప్రోగ్రాము వాడుకునే డేటా నిర్మాణాల వర్ణన హెడర్ ఫైళ్లలో ఉంటుంది. వాటి కోసం కంపైలర్ మొదట ‘-ఐ’ అనే ఆప్షన్‌తో సూచించిన డైరెక్టరీలను, తర్వాత తనకు అలవాటైన ‘/యూఎస్ఆర్/ఇంక్లూడ్’ వంటి చోట్లను వరుసగా గాలించి, ముందు కనిపించిన ఫైలునే తీసుకుంటుంది.

డెబియన్, ఉబుంటులలో ‘ఏఎస్ఎం/టైప్స్.హెచ్’ ఫైలు కనబడలేదన్న ఎర్రర్ తరచూ ఎదురవుతుంది. ఫైలు డిస్కులోనే ఉంటుంది, కానీ ప్రాసెసర్‌ను బట్టి మారే హెడర్లను ఈ లినక్స్ పంపిణీలు ‘ఎక్స్86_64-లినక్స్-గ్నూ’ వంటి ప్రత్యేక ఉపడైరెక్టరీలో ఉంచుతాయి. లక్ష్యం బీపీఎఫ్ అని చెప్పగానే క్లాంగ్ ఆ ఉపడైరెక్టరీ వైపు చూడటం మానేస్తుంది. దాన్ని ‘-ఐ’తో గానీ, అన్నిటికంటే చివర వెతకమని చెప్పే ‘-ఐడిర్‌ఆఫ్టర్’తో గానీ జోడిస్తే చిక్కు వీడుతుంది.

నిజానికి ఈ ఎర్రర్ మంచిదే, ఎందుకంటే అది తప్పును దాచదు. అసలు ప్రమాదం వేరే కెర్నెల్‌కు చెందిన హెడర్ సద్దు లేకుండా దొరికిపోవడంలో ఉంది. ప్రతి ప్రాసెస్ వివరాలను దాచే ‘టాస్క్ స్ట్రక్ట్’ నిర్మాణంలో ఏ సభ్యం ఎన్నో బైటు వద్ద మొదలవుతుందన్నది కెర్నెల్ వెర్షన్‌ను బట్టే కాక, దాన్ని నిర్మించేటప్పుడు ఎంచుకున్న ఆప్షన్లను బట్టి కూడా మారుతుంది. ఆ దూరం తప్పినా ప్రోగ్రాము కంపైల్ అవుతుంది, మెమరీని సురక్షితంగా చదివే సహాయక ఫంక్షన్ వాడినందువల్ల కెర్నెల్‌లోని వెరిఫయర్ తనిఖీనీ దాటుతుంది, చివరకు ప్రాసెస్ సంఖ్య ఉండాల్సిన చోట అర్థంలేని అంకె ముద్రిస్తుంది. అందుకే నడుస్తున్న కెర్నెల్‌కు సంబంధించిన ‘/లిబ్/మాడ్యూల్స్’ కింది హెడర్లనే వాడాలనే నియమం ఏర్పడింది.

ఇప్పుడు ఈ బాధ చాలావరకు తగ్గింది. 5.4 వెర్షన్ నుంచి కెర్నెల్ తన డేటా నిర్మాణాల వర్ణనను బీటీఎఫ్ అనే రూపంలో ‘/సిస్/కెర్నెల్/బీటీఎఫ్/విఎమ్‌లినక్స్’ ఫైలులో తానే అందించగలుగుతోంది. బీపీఎఫ్‌టూల్ అనే సాధనం దాని నుంచి ‘విఎమ్‌లినక్స్.హెచ్’ అనే ఒకే పెద్ద హెడర్‌ను తయారుచేస్తే, ప్రోగ్రామును లోడ్ చేసేటప్పుడు లిబ్‌బీపీఎఫ్ లైబ్రరీ ఆయా యంత్రానికి తగినట్టు దూరాలను సరిచేస్తుంది. అయినా బీటీఎఫ్‌లో మాక్రోలు ఉండవు కనుక వాటితో నిర్వచించే స్థిరాంకాలను రచయితే రాసుకోవాలి. అవి కావాలని పాత కెర్నెల్ హెడర్‌ను కూడా కలిపితే ఒకే నిర్మాణాన్ని రెండుసార్లు నిర్వచించారన్న ఎర్రర్లు వరుసకడతాయి. లిబ్‌బీపీఎఫ్ సొంత హెడర్లు మాత్రం కంపైలర్ వెతికే చోట ఉండక తప్పదు.