అష్టమి నాటి పడవ: పగడాల దీవికి సముద్రం పెట్టే ముహూర్తం

కళ్లకు అద్దపు మాస్క్ తొడుక్కొని, నోట్లో ఒక వంపు గొట్టం పెట్టుకొని, నీటి మీద బోర్లా తేలుతూ, తల పైకెత్తకుండానే గాలి పీలుస్తూ అడుగునున్న జీవలోకాన్ని చూడటాన్ని స్నార్కెలింగ్ అంటారు; ఆ గొట్టం పేరే స్నార్కెల్. వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని లోతుకు దిగే స్కూబా డైవింగ్‌కు క్రమబద్ధమైన శిక్షణ అవసరం గానీ, దీనికి కాసేపటి సాధన, పక్కన తెలిసిన గైడ్ ఉంటే సరిపోతుంది కనుక, కరేబియన్ సముద్రంలోని చిన్న దీవులకైనా మన అండమాన్ దీవులకైనా పొద్దున పడవెక్కి సాయంత్రానికి తిరిగివచ్చే యాత్రల్లో ఇదే ప్రధాన ఆకర్షణగా నిలుస్తోంది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌ను ఆనుకొని ఉన్న మూసాపేట వంటి కాలనీల నుంచి సెలవులకు వెళ్లేవారికి అందుబాటులో ఉన్న పగడపు దీవుల్లో అండమాన్‌వి ముఖ్యమైనవి. ఆకాశమార్గాన సుమారు 1,650 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీ విజయ పురం (2024 వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) అక్కడి ముఖద్వారం. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు కావడం, వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉండటం వల్ల అక్కడి జెట్టీల మీద తెలుగు మాట వినిపించడం అరుదేమీ కాదు.

యాత్రికులు సాధారణంగా టికెట్ ధర, భోజనం, ఫొటోలు చూసి పడవను ఎంచుకుంటారు. కానీ నీటి అడుగున ఏం కనబడుతుందన్నది పడవ చేతిలో లేదు. నీటి తేట, ఆటుపోట్ల గడియ, అలల తీరు అనే మూడూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఈ మూడింటిలో అలల రాకను ముందుగా లెక్కగట్టి చెప్పే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఏ తీరపట్టణంలోనో కాక, మూసాపేటకు పది కిలోమీటర్ల లోపే, ప్రగతినగర్‌లో ఉండటం విశేషం. 1999లో ఏర్పడి, 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రాన్ని కూడా నడుపుతున్న ఈ సంస్థ, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో దక్కన్ పీఠభూమి మీద కూర్చొని, ఉపగ్రహాలు, తేలియాడే బోయలు, అలలను కొలిచే పరికరాలు పంపే సమాచారంతో సముద్రం నాడి చూస్తుంది.

తేటనీరు, పేదనీరు

ఆంధ్ర తీరం అంత పొడవున్నా, స్నార్కెలింగ్‌కు పనికొచ్చే పెద్ద పగడపు దిబ్బలు అక్కడ పెరగకపోవడానికి ప్రధాన కారణం గోదావరి, కృష్ణ. పగడం చూడటానికి రాయిలా ఉన్నా, అది పాలిప్ అనే మెత్తని జీవులు వేలాదిగా కలిసి కట్టుకున్న సున్నపు నివాసం. ప్రతి పాలిప్ కణజాలంలోనూ జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు, అంటే నాచు జాతికి చెందిన ఏకకణ జీవులు, కాపురం ఉంటాయి. ఈ శైవలాలు ఎండను ఆహారంగా మార్చి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా సమకూర్చగలవు కనుక, ఎండ సోకని చోట పగడపు దిబ్బ పెరగదు. నదులు మోసుకొచ్చే ఒండ్రు నీటిని బురదగా మార్చి ఆ వెలుతురును అడ్డుకోవడమే కాక, పాలిప్‌ల మీద పేరుకొని వాటిని ఊపిరాడకుండా చేస్తుంది. వరదనీరు ఉప్పదనాన్ని కూడా తగ్గిస్తుంది.

నీటి రంగు కూడా ఇదే కథ చెబుతుంది. కూకట్‌పల్లి, మూసాపేట ప్రాంతపు చెరువులు పచ్చగా కనిపించడానికి కారణం మురుగుతో వచ్చి చేరిన నత్రజని, భాస్వరం వంటి పోషకాలను తిని విపరీతంగా పెరిగిన నాచు. పగడపు సముద్రం నీలంగా ఉండటానికి కారణం దానికి పూర్తిగా విరుద్ధం: అక్కడి నీటిలో పోషకాలు అతి తక్కువ, కాబట్టి తేలియాడే నాచు తక్కువ, కాబట్టి వెలుతురు లోతుకు దిగుతుంది. ఆ పేదనీటిలోనే అంత సంపన్నమైన జీవలోకం వర్ధిల్లడానికి ఆధారం పాలిప్, శైవలం మధ్య కుదిరిన ఇచ్చిపుచ్చుకునే ఒప్పందమే.

పంచాంగంలోని ఆటుపోట్లు

ఆటుపోట్లు చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల కలుగుతాయి. సముద్రమట్టం పెరగడం పోటు, తగ్గడం పాటు. అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, వాటి వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సూర్యుడి ప్రభావం చంద్రుడి ప్రభావంలో సగానికి కొంచెం తక్కువ. అమావాస్య, పౌర్ణమి నాళ్లలో రెండూ ఒకే వరుసలో లాగడం వల్ల పోటుపాట్ల మధ్య తేడా బాగా పెరిగి, శ్రీ విజయ పురం పరిసరాల్లో సుమారు రెండు మీటర్ల దాకా చేరుతుంది. రెండూ ఒకదానికొకటి లంబంగా లాగే రోజుల్లో ఆ తేడా చాలా తగ్గిపోతుంది.

ఈ లంబకోణం ఏ రోజు వస్తుందో తెలుసుకోవడానికి తెలుగువారికి ప్రత్యేక పరికరమేమీ అక్కర్లేదు, గోడమీది క్యాలెండర్ చాలు. తిథి అంటే చంద్రసూర్యుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. ఆ లెక్కన అష్టమి 84 డిగ్రీల దగ్గర మొదలై 96 డిగ్రీల దగ్గర ముగుస్తుంది, అంటే 90 డిగ్రీల లంబకోణం సరిగ్గా అష్టమి నడిమధ్యన పడుతుంది. సముద్రం ఈ లాగుడుకు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా స్పందిస్తుంది కనుక, నెమ్మదైన నీరు సాధారణంగా అష్టమి మొదలు దశమి దాకా ఉంటుంది. ప్రయాణాలకు పనికిరావని పెద్దలు పక్కన పెట్టే అష్టమి, నవములే స్నార్కెలింగ్‌కు సముద్రం పెట్టే మంచి ముహూర్తాలు కావడం తమాషా అయిన విషయమే.

రోజుతో పాటు గడియ కూడా ముఖ్యం. పాటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో పెరగదు. నావికులు వాడే ఒక మోటు లెక్క ప్రకారం మొత్తం పెరుగుదలను 12 భాగాలు చేస్తే, వరుసగా ఒక్కో గంటలో 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున నీరు పెరుగుతుంది. రెండు మీటర్ల పోటు ఉన్న రోజున మొదటి గంటలో 17 సెంటీమీటర్లు మాత్రమే పెరిగే నీరు, మూడో గంటలో అర మీటరు పెరుగుతుంది. దీవుల మధ్య ఇరుకు పాయల్లో ప్రవాహం బలంగా ఉండేది ఆ నడిమి రెండు గంటల్లోనే. పాటు అడుగంటినప్పుడు దిబ్బ మీద నీరు మోకాలి లోతుకు తగ్గి, కాళ్లకు తొడిగిన ఫిన్స్ తగిలి పగడాలు విరుగుతాయి. పైగా దిగే నీరు మడ అడవుల పాయల్లోని బురదను వెంట తెస్తుంది. పెరిగే నీరు నడిసముద్రపు తేటను లోపలికి తెస్తుంది కాబట్టి, పోటు నిండటానికి గంటన్నర ముందు నుంచి అది నిండి నిలిచే దాకా ఉన్న సమయం అన్నివిధాలా అనుకూలం. అది ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 మధ్య పడితే, సూర్యుడు నెత్తిన ఉండి కిరణాలు ఎక్కువగా పరావర్తనం చెందకుండా నీటిలోకి దిగుతాయి.

అల ఎత్తు ఒక్కటే చాలదు

ఇన్‌కాయిస్ విడుదల చేసే సముద్ర స్థితి సూచనలో అల ఎత్తుతో పాటు అల వ్యవధి, అంటే ఒక శిఖరం వెనుక మరో శిఖరం రావడానికి పట్టే సెకన్లు కూడా ఉంటాయి. దగ్గరి గాలి లేపిన అలలు నాలుగైదు సెకన్లకొకటి వచ్చి పడవను కుదుపుతాయి. ఎక్కడో దూరపు తుఫానులో పుట్టి వచ్చే స్వెల్ అనే దీర్ఘ అలలకు 12 సెకన్లు, అంతకు మించి కూడా వ్యవధి ఉంటుంది. లోతైన నీటిలో వ్యవధిని దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది, ఆ పొడవులో సగం లోతు వరకు నీరు కదులుతుంది. ఆ లెక్కన 5 సెకన్ల అల 20 మీటర్ల లోతు దాకా, 12 సెకన్ల అల 110 మీటర్లకు పైగా లోతు దాకా నీటిని కదిలిస్తాయి. అందువల్ల పైకి ప్రశాంతంగా కనిపించే సముద్రంలో కూడా స్వెల్ వచ్చిన రోజున అడుగున ఇసుక లేచి, చూపు రెండు మూడు మీటర్లకు మించి సాగకపోవచ్చు.

గాలి దిశ తెలిస్తే దీవిలో ఏ వైపుకు వెళ్లాలో తెలుస్తుంది. ఈశాన్యపు గాలులు వీచే శీతాకాలంలో దీవుల పడమటి వైపు, నైరుతి రుతుపవన కాలంలో తూర్పు వైపు చాటుగా ఉంటాయి. మొత్తం మీద జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీరు ఎక్కువ తేటగా ఉంటుంది. కరేబియన్‌లో ఈ లెక్క కొంత మారుతుంది. సెయింట్ క్రాయ్ దీవి పక్కనున్న బక్ ఐలాండ్‌లో, 1961లో జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించిన పగడపు దిబ్బ మధ్యన, నీటి అడుగున ఫలకాలు అమర్చిన ఈత బాట ఉంది. అక్కడ ఆటుపోట్ల తేడా సాధారణంగా అర మీటరు కూడా దాటదు కనుక తిథికి పనిలేదు, ఏడాది పొడవునా తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాల బలమే పడవ బయల్దేరాలా వద్దా అన్నది తేలుస్తుంది.

మాస్క్ చేసే పని, గొట్టం చేయలేని పని

కంటికి వెలుతురును వంచి కేంద్రీకరించే శక్తిలో మూడింట రెండు వంతులు కార్నియా అనే ముందుపొరది. గాలి నుంచి కార్నియాలోకి వెళ్లేటప్పుడు కిరణం బాగా వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం కార్నియాకు చాలా దగ్గరగా ఉండటం వల్ల నీటిలో ఆ వంపు దాదాపు పోయి, అంతా మసకబారుతుంది. మాస్క్ కంటి ముందు గాలి గదిని నిలిపి ఆ వంపును తిరిగి ఇస్తుంది, కానీ నీటి నుంచి గాలిలోకి వచ్చే కిరణం మరోసారి వంగడం వల్ల 30 సెంటీమీటర్ల చేప 40 సెంటీమీటర్లుగా, మూడు మీటర్ల దూరం రెండుంపావు మీటర్లుగా కనిపిస్తుంది. పగడం చేతికి అందేంత దగ్గరలో ఉందనిపించడం ఈ భ్రమ వల్లనే.

రంగుల విషయంలో లోతు తక్కువగా ఉండటమే లాభం. నీరు ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తుంది, పైగా వెలుతురు కిందికి దిగి, మళ్లీ కంటికి చేరాలి కనుక దారి రెట్టింపవుతుంది. రెండు మీటర్ల లోతున్న పగడం రంగు నాలుగు మీటర్ల నీటిని దాటివస్తే, ఐదు మీటర్ల లోతున్నది పది మీటర్లు దాటి ఎరుపంతా పోగొట్టుకొని నీలిబూడిదగా చేరుతుంది.

గొట్టం ఇంకా పొడవుగా ఉంటే లోతుకు వెళ్లవచ్చు కదా అన్న ప్రశ్నకు శరీరమే సమాధానం చెబుతుంది. మీటరు లోతున నీటి పీడనం చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను. ఛాతీ వైశాల్యాన్ని అందులో పదో వంతు అనుకుంటే, నూరు కిలోల బరువును ఎత్తుతూ ఊపిరి పీల్చాలి, అది పక్కటెముకల కండరాలకు సాధ్యం కాదు. పైగా రెండు సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టంలోనే 125 మిల్లీలీటర్ల దాకా వాడిన గాలి మిగిలిపోయి, తర్వాతి ఊపిరితో తిరిగి లోపలికి వెళుతుంది. మామూలు ఊపిరి 500 మిల్లీలీటర్లే కాబట్టి, ఆయాసంతో చిన్న చిన్న ఊపిరులు తీసేవారికి తాజా గాలి తక్కువ అందుతుంది. నెమ్మదిగా, నిండుగా పీల్చమని గైడ్లు చెప్పేది అందుకే.

పడవవారిని అడగవలసినవి

శ్రీ విజయ పురానికి 30 కిలోమీటర్ల లోపే ఉన్న వండూరు నుంచి, 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సాగర జాతీయ ఉద్యానంలోని జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు పడవలు వెళతాయి. పగడాలకు విశ్రాంతి దొరకడానికి ఈ రెండింటినీ ఏడాదిలో వేర్వేరు కాలాల్లో తెరుస్తారు, అక్కడికి ప్లాస్టిక్ వస్తువులు తీసుకెళ్లనివ్వరు. పాత ఇరవై రూపాయల నోటు వెనుక బొమ్మగా ఉన్న నార్త్ బే నగరానికి దగ్గర, కుటుంబాలకు సులువు, జనం ఎక్కువ. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) జెట్టీ నుంచి కొద్దిసేపటి ప్రయాణంలో ఉన్న ఎలిఫెంట్ బీచ్‌లో పగడాలు ఒడ్డుకు దగ్గరగానే ఉండటం వల్ల ఈత సరిగా రానివారికి వీలు. తేటనీటికి, నియంత్రణకు ప్రాధాన్యం ఇచ్చేవారికి జాలీ బాయ్ మేలు.

దీవి ఏదైనా పడవవారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పడవ లంగరు వేస్తుందా, లేక శాశ్వతంగా కట్టిన బోయకు తాడు కడుతుందా అన్నది మొదటిది, ఎందుకంటే కొమ్మల పగడం ఏడాదికి మహా అయితే పది సెంటీమీటర్లు, గుండుగా పెరిగే పగడం ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి, ఒక్క లంగరు ఈడ్పుకు దశాబ్దాల పెరుగుదల పోతుంది. మనిషికొక లైఫ్ జాకెట్ ఉందా, నీటిలో వెంట ఎవరు ఉంటారు అన్నవి తర్వాతివి. మడ అడవుల దగ్గర ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి కనుక, హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగకూడదు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లను పగడాల రక్షణ కోసం అమెరికా వర్జిన్ ఐలాండ్స్ 2020లో, హవాయి 2021లో నిషేధించాయి. పొడుగు చేతుల ఈత చొక్కా తొడుక్కుంటే ఆ పూతల అవసరమే తగ్గుతుంది.

పగడాలకు అసలు గండం వేడి. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే, పాలిప్‌లు తమలోని శైవలాలను బయటికి నెట్టి తెల్లబడతాయి. దీన్నే పగడాల వివర్ణత అంటారు. అండమాన్‌లో 2010లో, 2016లో ఇది జరిగింది. ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల వేడిని బట్టి ఇన్‌కాయిస్ ఈ వివర్ణతకు కూడా హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక ఉన్న వారాల్లో యాత్ర వాయిదా వేసుకోవడం పగడాలకు మేలు, తెల్లని అస్థిపంజరాలు చూడటానికి అంత దూరం వెళ్లకుండా తప్పించుకోవడం యాత్రికులకు మేలు.

అందువల్ల పడవకు డబ్బు కట్టేముందు క్యాలెండర్‌లో తిథి, భారత సర్వే సంస్థ ప్రచురించే ఆటుపోట్ల పట్టికలో గడియ, ఇన్‌కాయిస్ సూచనలో అల ఎత్తు, వ్యవధి చూసుకోవాలి. ఈ మూడూ కుదిరిన రోజున చవక పడవ కూడా చాలు. కుదరని రోజున ఎంత ఖరీదైన పడవ ఎక్కినా కనిపించేది బురదనీరే.